బూబమ్మ మాట్లాడిన అధ్యాయం

ఉద్యోగం మానేశాక కూడా నా ఫోనుకి ఒక మెసేజీ తరచూ వస్తుంటుంది. పంపేవాళ్ళు మారతారు గానీ మెసేజీ మారదు. "నమస్తే మేడం. ఫలానా నవల మీద పేపర్ రాయాలి. ఏ థియరీ పెట్టమంటారు?"

కూరలో ఏ మసాలా వేయమంటారని అడిగినట్టుంటుంది నాకు. పిల్లల్ని తప్పుపట్టను. సెమినార్ తేదీ దగ్గర పడుతుంది, పేపర్ లేకపోతే పరిశోధన ముందుకు కదలదు, స్త్రీవాదమో మార్క్సిజమో పేరుంటేనే శీర్షిక బరువుగా కనిపిస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను. "ఆ నవలలో నీకు ఎక్కడ ఇబ్బంది అనిపించింది?" చాలామంది నుంచి జవాబు రాదు. వచ్చిన ఆ కొద్దిమందితో గంటలు గంటలు మాట్లాడతాను.

నేను పొన్నూరులో పుట్టాను. బాపట్లలో డిగ్రీ పిల్లలకు తెలుగు పాఠాలు చెబుతూ చాలా ఏళ్ళు గడిపాను. చివరి భాగం తెనాలిలో, పరిశోధన చేసే పిల్లలతో గడిచింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాకు గుర్తున్న రెండు సంగతులు రాస్తున్నాను. మనుషుల పేర్లు, నవల పేరు మార్చాను. జరిగినవి మార్చలేదు.

నాగరాజు పారేసిన పాటలు

నాగరాజుది నిజాంపట్నం వైపు ఊరు. తండ్రి మరబోటు మీద వేటకు వెళ్ళేవాడు. బాపట్లలో నా దగ్గర చదువుకుని, తర్వాత పరిశోధనకు చేరాడు. చేపలు ఎండబెట్టే దిబ్బల మీద ఆడవాళ్ళు పాడుకునే పాటల్ని మార్క్సిస్టు దృక్పథంతో పరిశీలిస్తానన్నాడు. విషయం మంచిది. పైగా ఆ పాటలు పాడేవాళ్ళలో వాళ్ళ మేనత్త కూడా ఉంది.

మొదటి చిత్తుప్రతి తెచ్చాడు. ముందంతా సిద్ధాంతమే. వర్గం, ఉత్పత్తి, శ్రమ, పరాయీకరణ, ఒక్కో మాటకూ నిర్వచనం, ఆ నిర్వచనానికి వివరణ. పాటలు చిట్టచివర్లో, ఊరి బయట నిలబడ్డ చుట్టాల్లా, కాసిని ఉన్నాయి. అన్నీ కష్టాల పాటలే.

"ఒకటి పాడు నాగరాజూ" అన్నాను.

సిగ్గుపడుతూ పాడాడు. వార్తలు చదివినట్టుంది. కాగితాలు సర్దుకుంటూ అతను తనకు తెలియకుండానే ఇంకేదో కూనిరాగం తీశాడు. దాంట్లో ఊపుంది.

"అదేంటి?"

"ఏం లేదండి. అదీ దిబ్బ మీద పాటేనండి."

"మరి పేపర్లో లేదే?"

"అది నవ్వుకోడానికి పాడేదండి. దాంట్లో దోపిడీ లేదండి. థియరీకి సరిపోదని తీసేశాను."

పాడమన్నాను. ఒక ఆవిడ గొడుగేసుకుని వస్తుంది, చెప్పుల్లో ఇసుక పడుతుంది, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంది, ఆ కొంగుకే చేప పొలుసు అంటుకుని ఇంటిదాకా మెరుస్తూ పోతుంది. అదీ పాట. ఇద్దరం నవ్వాం.

"ఎవరావిడ?" అన్నాను.

"బోటు ఓనరు గారి భార్యండి."

"ఈ పాట ఆవిడ వెళ్ళిపోయాక పాడతారా?"

"కాదండి. ఆవిడ వచ్చినప్పుడే పాడతారు. ఆవిడకి అర్థం కాదనుకుంటాను. లేకపోతే..." అని ఆగిపోయాడు.

"లేకపోతే?"

"అర్థమయ్యే ఊరుకుంటుందేమోనండి."

అదిగో, అక్కడ పుట్టింది అతని పేపరు. కూలి పెంచమని నోరు తెరిచి అడగలేనివాళ్ళు, అడగాల్సిన మనిషి ఎదురుగానే నవ్వుతూ ఏం చేస్తున్నారు? ఆ నవ్వును ఆవిడ ఎందుకు ఆపదు? ఈ ప్రశ్న కూడా మార్క్సిజంలోదే. కాకపోతే అది పాటలోంచి వచ్చింది. ముందున్న నిర్వచనాలన్నీ కొట్టేసి, అవసరమైనంత వరకు రెండు పేరాల్లో తన మాటల్లో రాసుకున్నాడు. పారేసిన పాటలన్నీ తిరిగి వచ్చి చేరాయి.

నాగరాజు ఇప్పుడు హైస్కూల్లో తెలుగు మాస్టారు. నేను అతని దగ్గర నేర్చుకున్నది ఇది: సిద్ధాంతానికి సరిపోని ముక్క దొరికితే దాన్ని దాచకండి. చాలాసార్లు మీ పేపరు అదే. అన్నీ సరిపోయాయంటే మీరు నవలనో పాటనో చదవలేదని, చదవకముందే తెలిసినదాన్ని మళ్ళీ రాశారని అర్థం.

కోటేశ్వరరావు గారు

తెనాలిలో మా శాఖకు అధిపతి కోటేశ్వరరావు గారు. నా కంటే కాస్త పెద్ద. ఆయనంత చదివిన మనిషిని నేను మా జిల్లాల్లో చూడలేదు. పరిశోధక విద్యార్థి ఎవరు వచ్చినా ఆయన వేసే మొదటి ప్రశ్న ఒకటుండేది. "నీ పేపర్ చదివి ఎవరికి కోపం రావాలి?"

పిల్లలు బిత్తరపోయేవాళ్ళు. "ఎవరికీ రాకూడదండి" అనేవాళ్ళు.

"అయితే రాయకు. ఎవరూ కాదనలేని మాట చెప్పడానికి పేపర్ ఎందుకు? 'ఈ నవలలో స్త్రీ పాత్రలు చక్కగా చిత్రించబడ్డాయి' అంటే ఎవడు కాదంటాడు?"

ఇది నిక్కమైన మాట. పేపర్‌కు వేసుకునే పథకంలో మొదట ఉండాల్సింది ఇదే. మీరు ఏదో ఒకటి అంటున్నారు, చదువుకున్నవాడొకడు దాన్ని కాదనగలగాలి, అతనికి మీరు పుస్తకంలోని వాక్యాలతో జవాబు చెప్పగలగాలి. ఈ మూడూ లేకపోతే ఎన్ని విదేశీ పేర్లు రాసినా అది పేపరు కాదు.

అయితే ఆయనలో రెండో మనిషి కూడా ఉండేవాడు. సభలు జరిపించడం, పెద్దల్ని పిలవడం, శాలువాలు, వేదిక మీద ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలి అన్న లెక్కలు ఆయనకు ప్రాణం. పుస్తకం ముందు ధైర్యంగా ఉండే మనిషి వేదిక ముందు పిరికివాడయ్యేవాడు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఎదురుపడరనుకునేదాన్ని. షాహిదా వాళ్ళిద్దర్నీ ఒకే గదిలో నిలబెట్టింది.

షాహిదా

షాహిదాది తెనాలే. వాళ్ళ నాన్న మోటారు సైకిళ్ళకు సీటు కవర్లు కుట్టే షాపు నడిపేవాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. తెలుగులో ఎం.ఏ. చేసి, నా దగ్గర పరిశోధనకు చేరి, మా కాలేజీలోనే గెస్టు లెక్చరరుగా పాఠాలు చెప్పేది. ఏడాదికోసారి మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్నది కోటేశ్వరరావు గారి చేతిలో ఉండేది.

ఆ ఏడు మా శాఖ ఒక సెమినార్ తలపెట్టింది. రేపల్లెలో ఉండే మాధవయ్య గారి నవలల మీద. ఆయన అప్పటికి బాగా పెద్దవారు. ఆయన రాసిన 'లాకుల దగ్గర ఇల్లు' మా వైపు పాఠకులకు ఇంట్లో మనిషి లాంటిది. కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసే ఒక అభ్యుదయవాది తన భార్య కామాక్షికి చదువు చెప్పి, ఆమెను టీచరమ్మను చేస్తాడు. కథ అంతే. స్త్రీ అభ్యుదయం అనగానే మా దగ్గర అందరూ ఆ నవలే చెబుతారు. కొన్నాళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠ్యపుస్తకంగా కూడా ఉండేది.

షాహిదా ఒక పేజీ పథకం రాసి తెచ్చింది. స్త్రీవాద విమర్శ దృష్టితో ఆ నవలను చూస్తానని, అది పైకి అభ్యుదయంగా కనిపించినా లోపల పురుషాధిక్య నవలేనని నిరూపిస్తానని.

"నవల చదివావా?" అన్నాను.

"డిగ్రీలో చదివానండి."

"ఈ ముగింపు ఎక్కడిది? నవలలోంచి వచ్చిందా, స్త్రీవాదం మీద చదివిన పుస్తకంలోంచి వచ్చిందా?"

ఆ అమ్మాయిలో నాకు నచ్చిందేమిటంటే, అబద్ధం చెప్పదు. "పుస్తకంలోంచేనండి" అంది.

"అయితే తీర్పు పక్కన పెట్టు. ఒక ప్రశ్న తీసుకో. మిగతావన్నీ వదిలేసి దాన్నొక్కదాన్నే పట్టుకుని నవల చదువు."

ఏ ప్రశ్న అన్నదాని మీద చాలా చర్చ జరిగింది. చివరికి ఆమే తేల్చుకుంది. ఈ నవలలో కామాక్షి ఎప్పుడు మాట్లాడుతుంది? ఎవరితో? ముందు మాట ఎవరిది?

చాలా చిన్న ప్రశ్న. కానీ సిద్ధాంతం చేయాల్సిన పని అదే. స్త్రీవాదం చదవకపోతే ఆమెకు ఆ ప్రశ్న తట్టేది కాదు. తట్టాక ఇక జవాబు సిద్ధాంతం చెప్పకూడదు. నవల చెప్పాలి.

కొన్నాళ్ళకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "మేడం, కామాక్షి ఎక్కడా తనంతట తాను మాట మొదలుపెట్టదండి. ఆయన అడుగుతాడు, ఆవిడ చెబుతుంది. టీచరైన తర్వాత కూడా అంతే!"

"ఎక్కడా?"

"ఎక్కడా లేదండి."

"నువ్వు చదివింది ఏ ప్రతి?"

పాఠ్యపుస్తకం ప్రతి. పిల్లల కోసం కుదించింది. అసలు పుస్తకం చదవమన్నాను. మీరు రాసుకునే పథకంలో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: ఏ ముద్రణ, ఎందుకు అదే. చాలామంది దీన్ని చివర్లో పెట్టే ఉపయుక్త గ్రంథాల పట్టిక పని అనుకుంటారు. కాదు. మీరు నిలబడిన నేల అదే.

అసలు ప్రతి మా లైబ్రరీలోనే దొరికింది. దాంట్లో పాఠ్యపుస్తకంలో లేని అధ్యాయం ఒకటుంది.

రేవులో మాటలు

కామాక్షి బట్టలు ఉతకడానికి కాలవ రేవులోకి దిగుతుంది. అక్కడ పక్కింటి బూబమ్మ ఉంటుంది. పడవ నడిపే సరంగు భార్య. కామాక్షే ముందు పలకరిస్తుంది. నవలంతటిలో ఆమె ముందుగా నోరు తెరిచిన చోటు అదొక్కటే. "నేను పాఠం అప్పజెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడరు బూబమ్మా. పుస్తకం వంకే చూస్తారు, ఎక్కడ తప్పు చెబుతానోనని" అంటుంది. దానికి బూబమ్మ, నాటకాల్లో సాయిబుల చేత 'నీకు' అనడానికి 'నిమ్మల్కీ' అనిపించే తెలుగులో, ఒక మాట అంటుంది. "నిమ్మల్కీ సదువొచ్చింది, నిమ్మల్కీ నవ్వు పోయింది." ఇద్దరూ నవ్వుకుంటారు. గట్టు మీద కామాక్షి భర్త కనిపిస్తాడు. మాటలు ఆగిపోతాయి. బూబమ్మ మళ్ళీ నవలలో కనిపించదు.

విమర్శకులు ఆ అధ్యాయాన్ని 'కేవలం హాస్యం కోసం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అందుకే కాబోలు, కుదించేటప్పుడు మొదట అదే ఎగిరిపోయింది.

షాహిదా తీర్పు అక్కడ తలకిందులైంది. ఈ నవల పురుషాధిక్య నవల అని కొట్టిపారేయడానికి వీల్లేదు. భర్త ఇచ్చే చదువు భార్యను ఎలా మూగదాన్ని చేస్తుందో ఆ నవలకే తెలుసు. ఒక్క అధ్యాయంలో చెప్పి, మళ్ళీ తలుపేసుకుంది. పాఠ్యపుస్తకం ఆ తలుపును గోడ చేసింది. పేపరు ఇప్పుడు దీని గురించి.

ఆమె అంత సంతోషంగా లేదు. "ఏంటమ్మా?" అన్నాను.

"బూబమ్మ భాష మేడం." అంది. "మా ఇంట్లో ఎవరూ తెలుగు ఇలా మాట్లాడరండి. మా నానమ్మ కూడా మాట్లాడేది కాదు. నవలలో మిగిలినవాళ్ళంతా పుస్తకం భాష మాట్లాడతారు. లాకు కూలీలు కూడా. ఈవిడ ఒక్కతే ఇలా. అంత మంచి మాట ఆవిడతో అనిపించి, అందరూ నవ్వేలా అనిపించారు మాధవయ్య గారు. దీని గురించి రాయకపోతే పేపర్ సగమే అవుతుంది. రాస్తే..."

రాస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

నేను పేపరు గురించే మాట్లాడాను. స్త్రీవాదం ఆమెకు కామాక్షిని చూపించింది. కామాక్షి పక్కన నిలబడ్డ ఆడమనిషిని చూడాలంటే ఆ ప్రశ్న ఒక్కటే చాలదు. ఇద్దరూ ఆడవాళ్ళే గానీ ఇద్దరూ ఒకేచోట లేరు. అది రాస్తే పేపరు గట్టిపడుతుందని చెప్పాను. రాయమని మాత్రం చెప్పలేదు. పోతే పోయే ఉద్యోగం ఆమెది. పరిశోధన చేయించేవాళ్ళు విద్యార్థి మెడ మీద తమ ధైర్యం చూపించకూడదని ఇప్పటికీ నమ్ముతాను.

ఆమె రాసింది.

అధిపతి గదిలో

సెమినార్‌కు ముందు పేపర్లన్నీ కోటేశ్వరరావు గారు చూస్తారు. మా ఇద్దర్నీ పిలిచారు. పేపరు ఆయన బల్ల మీద ఉంది. అంచుల్లో పెన్సిల్ గీతలు కనిపిస్తున్నాయి. శ్రద్ధగా చదివారు.

"చాలా బాగుందమ్మా" అన్నారు మొదటే. "తీసేసిన అధ్యాయం సంగతి మా ఎవరికీ తట్టలేదు. అంతవరకు ఉంచు. బూబమ్మ భాష మీద రాసిన భాగం తీసెయ్."

"ఎందుకండి?" అంది షాహిదా.

"మాధవయ్య గారు స్వయంగా వస్తున్నారు. పెద్దాయన. బాధపడతారు. పైగా..." అని నావైపు చూశారు, నేను సాయం చేస్తానేమోనని. నేను చేయలేదు. "పైగా ఆ మాట నేనంటే విమర్శ అవుతుంది. నువ్వంటే వేరేగా వినిపిస్తుందమ్మా. లోకం అట్లా ఉంది, నేనేం చెయ్యను?"

ఆయన మాటలో మోసం లేదు. నిజంగానే ఆమె గురించి భయపడ్డారు. తన సభ గురించి కూడా భయపడ్డారు. ఏది ఎంతో ఆయనకే తెలియదనుకుంటాను.

షాహిదా లేచి నిలబడింది. "సార్, నేను చేరిన కొత్తలో మీరొక ప్రశ్న అడిగారండి. నీ పేపర్ చదివి ఎవరికి కోపం రావాలని. అప్పుడు నాకు జవాబు తెలీదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తీసేయమని మళ్ళీ అనలేదు. సరే అని కూడా అనలేదు. "మీ ఇష్టం" అన్నారు నాతో, ఆమెతో కాదు.

సభలో

మాధవయ్య గారు ముందు వరుసలో కూర్చున్నారు. తెల్ల పంచె, చేతికర్ర, చెవికి మిషను. షాహిదా వంతు మధ్యాహ్నం భోజనాల ముందు వచ్చింది. తొణకకుండా చదివింది. రేవు అధ్యాయం గురించి చెబుతున్నప్పుడు ఆయన ముందుకు వంగి విన్నారు. బూబమ్మ భాష దగ్గరకు వచ్చేసరికి వెనక్కి వాలారు.

చదవడం అయ్యాక మైకు అడిగి తీసుకున్నారు.

"అమ్మాయ్, బూబమ్మ నేను కల్పించిన మనిషి కాదు. మా చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండేది. నన్ను ఎత్తుకుని తిప్పింది. ఆవిడను ఎగతాళి చేశానంటావా? ప్రేమతో రాశాను."

కోటేశ్వరరావు గారు వేదిక మీద నేలచూపులు చూస్తున్నారు.

"ప్రేమతోనే రాసి ఉంటారండి" అంది షాహిదా. "మీ మనసులో ఏముందో నేను చెప్పడం లేదండి, అది నాకు తెలీదు. పుస్తకంలో ఏముందో చెబుతున్నాను. కామాక్షిదీ ఆ ఊరే, బూబమ్మదీ ఆ ఊరే. ఒకరి నోట్లో పుస్తకం భాష పెట్టారు, ఒకరి నోట్లో నవ్వొచ్చే భాష పెట్టారు. ఆ నవ్వులో పడి ఆవిడ అన్న మాట ఎవరికీ వినిపించలేదండి. అందుకే ఆ అధ్యాయం తీసేసినా ఎవరూ అడగలేదు."

ఆయన మైకు పక్కవాళ్ళకి ఇచ్చేశారు. భోజనానికి ఉండకుండా రేపల్లె వెళ్ళిపోయారు.

ఆ తర్వాత జరిగినవి పెద్ద కథలేం కావు. సెమినార్ వ్యాసాల సంకలనం వచ్చింది, షాహిదా పేపరు అందులో లేదు. మరుసటి ఏడు ఆమెను గెస్టు లెక్చరరుగా తీసుకోలేదు. వర్క్‌లోడ్ లేదన్నారు. కోటేశ్వరరావు గారితో నేను ఆ విషయం గట్టిగా మాట్లాడాను. "మేనేజిమెంటు..." అని మొదలుపెట్టి మధ్యలోనే ఆగిపోయారు. మా మధ్య మాటలు పూర్తిగా పోలేదు గానీ, మునుపటిలా పుస్తకాల గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను పోగొట్టుకున్న మంచి స్నేహాల్లో అది ఒకటి. షాహిదా బాపట్లలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరి, పొద్దున్నే తెనాలి స్టేషన్లో బండెక్కి వెళ్ళి వస్తూ పరిశోధన కొనసాగించింది. పేపరును ఒక పత్రికకు పంపితే, సవరణలు అడిగి, వేసుకున్నారు.

రేపల్లెలో

పేపరు అచ్చయిన కొన్నాళ్ళకు మాధవయ్య గారి కోడలు నాకు ఫోన్ చేసింది. "మావయ్య గారు ఆ అమ్మాయిని చూడాలంటున్నారండి. మిమ్మల్ని కూడా తీసుకురమ్మన్నారు."

షాహిదాకు చెప్పాను. "తిట్టడానికేమోనండి" అంది.

"అయ్యుండొచ్చు. వెళ్ళాలని లేకపోతే మానెయ్."

"వెళ్దామండి" అంది.

ఆదివారం రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. ఆయన వసారాలో పడక్కుర్చీలో ఉన్నారు. సభలో చూసినదానికంటే చిక్కిపోయారు. కోడలు కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళింది. షాహిదా పేపరు ఉన్న పత్రిక, నవల పాత ప్రతి ఆయన ఒళ్ళో ఉన్నాయి. ఇంటి సంగతులు, నాన్నగారి షాపు సంగతులు అడిగారు. తర్వాత నవల తెరిచారు.

"నువ్వు రాసింది చదివాను. ఒప్పుకోలేదు. చాలాసార్లు చదివాను, అయినా ఒప్పుకోలేదు. బూబమ్మ మాట ఎంత ప్రేమగా ఉంటుందో నీకు చదివి వినిపిస్తే అర్థమవుతుందని పిలిపించాను. విను."

రేవు అధ్యాయం చదవడం మొదలుపెట్టారు. గొంతు సన్నగా ఉన్నా చక్కగా చదివారు. కామాక్షి మాటలు చదివారు. బూబమ్మ మాట దగ్గరకు వచ్చారు. ఎన్నో సభల్లో చదివి నవ్వించిన వాక్యం అది. ముఖంలోకి ఆ నవ్వు తెచ్చుకుని, గొంతు మార్చడానికి సిద్ధమై, తలెత్తి షాహిదాను చూశారు.

చదవలేకపోయారు.

మళ్ళీ పేజీలోకి చూశారు. పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు.

"నీ ముందు చదవలేకపోతున్నానమ్మా" అన్నారు. "రాసేటప్పుడు ఇది వినేవాళ్ళల్లో నీలాంటివాళ్ళు ఉంటారన్న ఆలోచనే లేదు నాకు."

ఇన్నేళ్ళు పాఠకుడు, ప్రతి, రచయిత అంటూ పాఠాలు చెప్పినదాన్ని. ఆ వసారాలో నా దగ్గర ఒక్క పారిభాషిక పదం కూడా లేదు.

షాహిదా కుర్చీ దగ్గరకు జరిగి, "ఇలా ఇవ్వండి తాతగారూ" అని పుస్తకం తీసుకుంది. గొంతు మార్చలేదు. యాస దిద్దలేదు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు, నెమ్మదిగా, ఒక ఆడమనిషి పక్కనున్న ఆడమనిషితో అన్నట్టు చదివింది.

"నిమ్మల్కీ సదువొచ్చింది, నిమ్మల్కీ నవ్వు పోయింది."

మాలో ఎవరికీ నవ్వు రాలేదు. మాధవయ్య గారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఆవిడ ఇలాగే అనేది" అన్నారు చివరికి. "నేనే ఇలా వినలేదు."

తిరుగు బండిలో షాహిదా అడిగింది. "మేడం, ఇదంతా నా థీసిస్‌లో రాయొచ్చా అండి?"

వద్దన్నాను. రచయిత ఇంట్లో పడ్డ బాధ నవలకు సాక్ష్యం కాదు. ఆయన ఒప్పుకున్నారని రాస్తే, ఆయన ఒప్పుకోబట్టే నీ మాట నిజమైందని చదివేవాళ్ళు అనుకుంటారు. నీ మాట అంతకుముందే నిలబడింది, పుస్తకంలోని వాక్యాల మీద. దాన్ని అలాగే ఉండనివ్వమన్నాను.

ఆమె తల ఊపింది. కాసేపు కిటికీలోంచి బయటి వరిచేలు చూసి, సంచిలోంచి తన పేపరు తీసి, అక్కడే, ఆ కుదుపుల్లోనే, తర్వాతి అధ్యాయానికి మొదటి ప్రశ్న రాసుకోవడం మొదలుపెట్టింది.